ఎవరూ అడగని కానుకలు

(మార్చి 8 సందర్భంగా పలాసలో జరిగిన స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'స్త్రీలు – ఆస్తి హక్కు' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. చట్టాల కాగితాలు పట్టుకునే వచ్చాను. వాటి దగ్గరికి వస్తాను. ముందు మాత్రం ఒక కత్తిపీట గురించి, ఒక స్టీలు గ్లాసు గురించి, ఒక సత్తు తట్ట గురించి చెప్పనివ్వండి. సభకి పిలిచి కత్తిపీట కబుర్లు చెప్తోందేమిటని విసుక్కోకండి.

సంఘం సమావేశాల్లో 'ఆస్తి' అనే మాట ఎత్తగానే మన ఆడవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. "మాకేటి ఆస్తమ్మా" అని నవ్వేసి లేచిపోతారు. ఇలా రెండు మూడు సమావేశాలు పాడయ్యాక నేను ప్రశ్న మార్చాను. "పెళ్ళిలో గానీ, ఆ తర్వాత గానీ నీకు ఎవరైనా ఇచ్చిన వస్తువుల్లో అన్నిటికన్నా నీకు ఇష్టమైనది ఏది?" అని అడగడం మొదలుపెట్టాను. కాశీబుగ్గ జీడిపప్పు బట్టీల దగ్గర అడిగాను, టెక్కలి సంతలో అడిగాను, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ఊళ్ళలో అడిగాను. ఈ ప్రశ్నకి ఎవరూ లేచిపోలేదు. ఒకరు చెప్తుంటే ఇంకొకరు అడ్డుపడి చెప్పారు. పొద్దుపోయినా ఎవరూ కదల్లేదు.

నేననుకున్నాను, బంగారం పేరు చెప్తారని. కమ్మలనో, గొలుసనో, పట్టుచీరనో చెప్తారని. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

జీడిపప్పు పనిలో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్న ఒకామె మొదట చెప్పింది. ఆ పనేమిటో ఈ ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు గానీ, ఈ పాఠం రేపు పత్రికలో చదివే బయటివాళ్ళ కోసం చెప్తాను. గింజని కాల్చో, ఆవిరికి ఉడికించో పెచ్చు కొడతారు. ఆ పెచ్చులో ఉండే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిదో, నూనెో రాసుకుని చేసినా వేళ్ళు నల్లబడి, తోలు ఊడిపోతుంది. తర్వాత పప్పు ఆరబెట్టి పైపొర వొలవాలి, ఆ తర్వాత గ్రేడు చెయ్యాలి. 180, 210, 240, 320 అని గ్రేడులు. పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. ఆమె గ్రేడు చేసే మనిషి. పప్పుని చూసి ఇది రెండొందల నలభై, ఇది మూడొందల ఇరవై అని కంటితో విడదీసేస్తుంది. అలాంటి మనిషికి తన పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం ఎంత తూకమో తెలియదు. ఎవరూ ఆమెకి చెప్పలేదు, ఆమె చేతికి తూకానికి ఇవ్వలేదు.

ఆమెకి ఇష్టమైనది కత్తిపీట. "మా యమ్మదమ్మా అది. నా పెళ్ళప్పుడు కడిగి, బొట్టెట్టి ఇచ్చినాది. దాని పీట ఇరిగిపోతే రొండుసార్లు మార్పించినాను. కత్తి అదే" అంది. ఎంత ఖరీదుంటుందని అడిగితే పక్కనున్నవాళ్ళందరూ నవ్వారు. పాత ఇనుపముక్కకి ఖరీదేమిటని.

తీరం వైపు చేపలమ్మే ఒకామె తన సత్తు తట్ట గురించి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ అప్ప ఇచ్చిందట. అప్పగారిది కూడా చేపల బేరమే. "నెత్తిమీద పెట్టుకుంటే నాకు అప్ప సెయ్యి ఉన్నట్టుంటాది" అంది. కవిటి దగ్గర ఒక ముసలమ్మ కొబ్బరి కోరు చూపించింది. కొబ్బరితోటల సీమ కదా, అక్కడ కోరు లేని ఇల్లుండదు. దాన్ని ఆమె మేనత్త ఎప్పుడో బరువ సంతలో కొని ఇచ్చిందట.

స్టీలు గ్లాసు సంగతి వేరు. ఆమె కిడ్నీ జబ్బు మనిషి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తుంది. ఉద్దానం పేరు చెప్తే ఇప్పుడు దేశమంతటికీ గుర్తొచ్చేది ఆ జబ్బే. ఉద్యానవనం అన్న మాట నుంచి వచ్చిందంటారు ఆ పేరు. 2023 డిసెంబరులో ఇక్కడ పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకమూ వచ్చింది. జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఇంకా తేలలేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు నీళ్ళు ఇష్టమొచ్చినన్ని తాగకూడదు, కొలిచి తాగాలి. ఎండాకాలంలో అది ఎంత నరకమో చూసినవాళ్ళకి తెలుసు. ఆమె చెల్లెలు ఒక చిన్న స్టీలు గ్లాసు కొని, దానిమీద అక్క పేరు కొట్టించి ఇచ్చింది. "అక్కా, దీంతో ఇన్ని గ్లాసులే. ఇది నీది. దీంట్లో ఇంకెవుల్నీ తాగనివ్వకు" అంది. ఆ గ్లాసుని ఆమె కొంగులో చుట్టుకుని తెచ్చి నాకు చూపించింది. తన పేరు రాసి ఉన్న వస్తువు ఆ ఇంట్లో అదొక్కటేనని చెప్పింది. రేషన్ కార్డూ ఆధారూ పక్కన పెట్టండి, వస్తువు గురించి చెప్తున్నాను.

ఇవన్నీ నేను పుస్తకంలో రాసుకున్నాను. ఇంటికెళ్ళి ఆ పుస్తకంలో ఇంకా ఏమేమో రాశాను. స్త్రీలకి ఖరీదుతో పనిలేదని, ప్రేమే వాళ్ళకి ప్రధానమని, బంగారం కన్నా తల్లి కత్తిపీటే మిన్న అని, చాలా అందంగా రాశాను. ఇప్పుడు అది చదివితే సిగ్గేస్తుంది.

టెక్కలిలో ఒక సమావేశంలో ఇదే మాట నేను చదివి వినిపించాను. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దామె, కూరగాయలమ్ముకునే మనిషి, అంతా విని, "అమ్మా, నువ్వేటో రాసుకుంతన్నావు గానీ, అది నా దగ్గరే ఉండిపోనాది గనక ఇష్టం. మిగతావన్నీ ఎల్లిపోనాయి. నేనిదాన్ని ఏటి ఇష్టపడతాం?" అంది.

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరి లెక్క వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. కమ్మలు ఆడపడుచు పెళ్ళికి వెళ్ళాయి. గొలుసు వలల కోసం తాకట్టుకి వెళ్ళి తిరిగి రాలేదు. ఇత్తడి బిందెలు మావగారు అమ్మేశారు. మేకలు అమ్మి బావగారికి గల్ఫ్ టిక్కెట్టు కొన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలు పడగొట్టాక, ఆ వారం పది రోజుల్లోనే, ఒంటిమీదున్న ఆఖరి బంగారం తాకట్టుకి వెళ్ళిన ఇళ్ళు ఎన్నో. కత్తిపీటని ఎవరు తాకట్టు పట్టుకుంటారు? సత్తు తట్టని ఎవరు అడుగుతారు? అవి అడగడానికి పనికిరానంత చవక గనక మనకి మిగిలాయి. మిగిలాయి గనక వాటిమీదే మన ప్రేమంతా పెట్టుకున్నాం.

గ్లాసు ఆమెని నేను మళ్ళీ కలిసినప్పుడు నీ బంగారం ఏమైందని అడిగాను. "నా జబ్బుకే అమ్మినారు. తప్పేటి నేదు. గానీ నన్నడగనేదు" అంది. ఈ మూడు మాటలూ మీరు జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తున్నాను.

పెళ్ళికి ముందు గానీ, పెళ్ళిలో గానీ, తర్వాత గానీ మీకు పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, స్నేహితులు ఎవరిచ్చినా అది స్త్రీధనం. అది మీ సొంతం. భర్తతో ఉమ్మడి ఆస్తి కాదు. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. భర్త దగ్గరో, అత్త దగ్గరో ఉంచితే వాళ్ళు దాచిపెట్టిన మనుషులే తప్ప సొంతదారులు కారు, అడిగినప్పుడు ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం అవుతుంది అంది. ఆ నేరం ఇదివరకు ఐపీసీ 406 కింద ఉండేది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 316 కింద ఉంది. 2024లోనే ఇంకో కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది: కష్టకాలంలో భర్త ఆ సొమ్ము వాడుకోవచ్చు గాక, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే అని. అంటే మన గ్లాసు ఆమె 'తప్పేటి నేదు, గానీ నన్నడగనేదు' అన్నది చట్టం చెప్పే మాటకి దగ్గరగానే ఉంది. అదే సంవత్సరం తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా ఆమె స్త్రీధనాన్ని వసూలు చెయ్యడానికి వీల్లేదని చెప్పింది. పుట్టింటివాళ్ళ మంచితనం మీద కూడా ఆధారపడక్కర్లేదన్నమాట. ఇది నాకు చాలా నచ్చింది. ముస్లిం అక్కచెల్లెళ్ళకి కూడా విడాకుల సమయంలో, పెళ్ళికి ముందూ తర్వాతా ఇచ్చిన వస్తువులన్నీ ఆమెకే చెందుతాయని 1986 చట్టం చెప్తుంది. మెహర్ సరేసరి.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మరి మనకెందుకు దక్కడంలేదు? ఒక సంగతి చెప్తాను. ఊరు పేరు చెప్పను, ఉద్దానంలో ఒక ఊరు.

పెళ్ళయిన మూడో ఏట ఒక పిల్ల బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. కొట్టాడు, తరిమేశాడు. ఇక కాపురం కుదరదని తేలాక పెద్దమనుషులు కూర్చున్నారు. సామాన్లు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. అత్తింటివాళ్ళు ఒక ఆటోలో సామాన్లు తెచ్చి గుడి అరుగు మీద దింపారు. గిన్నెలు, బిందెలు, పళ్ళేలు. మన దగ్గర ఆచారం మీకు తెలుసు కదా, ఎవరు చదివింపుగా ఇచ్చిన గిన్నె మీద వాళ్ళ పేరు కొట్టిస్తారు. ఒక్కో గిన్నె తిరగేసి పేరు చదువుతున్నారు. ఇది ఫలానా మావయ్యది, ఇది ఫలానా బాబాయిది. ఒక్క గిన్నె కూడా తప్పిపోలేదు. పెద్దమనుషులు చాలా సంతోషించారు. చూశారా, ఎంత నిజాయితీగా తెచ్చిచ్చారో అన్నారు.

బంగారం మాట వచ్చింది. మూడు తులాలు పెట్టామన్నారు పుట్టింటివాళ్ళు. పెళ్ళి వీడియోలో మెడలో గొలుసు కనిపిస్తూనే ఉంది. "అది ఎరువు తెచ్చిన గొలుసు, పెళ్ళయ్యాక ఇచ్చేశారు" అన్నారు అత్తింటివాళ్ళు. గిన్నె గిన్నెకీ పేరుంది, బంగారానికి పేరు లేదు. ఒక గంటలో తగువు తీరిపోయిందనిపించి పెద్దమనుషులు లేచిపోయారు. ఆ గుట్టలోంచి ఆ పిల్ల ముందుగా తీసుకున్నది ఒక పోపుల డబ్బా, పిన్నమ్మ ఇచ్చింది. దాన్ని పట్టుకుని ఏడుస్తుంటే ఒక పెద్దమనిషి "దీని కోసమా ఇంత ఏడుపు" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఆమె పోపుల డబ్బా కోసం ఏడవలేదు. అది ఒక్కటే తన దగ్గరికి తిరిగి వస్తుందని ఆమెకి ఆ క్షణంలో అర్థమైంది. ఇప్పుడు ఆమె 2005 గృహహింస చట్టం కింద కేసు వేసింది. ఆ చట్టంలో 19వ సెక్షన్ కింద స్త్రీధనం తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. కేసు నడుస్తోంది. నడవడమే గానీ ఎటు తేలుతుందో చెప్పలేను. రుజువు లేదు.

రుజువు ఎలా ఉండాలో చెప్పే నిబంధన మనకి ఎన్నడో వచ్చింది. 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో కానుకల జాబితా నిబంధనలు చేశారు. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్నాయి. పెళ్ళికూతురికి ఇచ్చిన కానుకల జాబితా పెళ్ళికూతురి దగ్గర ఉండాలి, పెళ్ళికొడుక్కి ఇచ్చినవాటి జాబితా అతని దగ్గర ఉండాలి. పెళ్ళి సమయంలోనో, పెళ్ళయిన తర్వాత వీలైనంత త్వరగానో రాయాలి. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, చుట్టరికమైతే ఏ వరస, ఇవన్నీ రాయాలి. ఇద్దరూ సంతకం చెయ్యాలి, చదవడం రానివాళ్ళకి చదివి వినిపించి వేలిముద్ర వేయించాలి. దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదు, వకీలు అక్కర్లేదు. ఇన్నేళ్ళలో ఈ సభలో ఉన్నవాళ్ళలో ఎంతమంది పెళ్ళిళ్ళలో ఆ జాబితా రాశారో చేతులెత్తండి అంటే... సరే, చూశాను. నా పెళ్ళిలో కూడా రాయలేదు.

చదివింపుల పుస్తకం మాత్రం ప్రతి పెళ్ళిలోనూ రాస్తాం. పందిట్లో బల్ల వేసుకుని, ఎవరు నూటపదహార్లు ఇచ్చారో, ఎవరు గిన్నె ఇచ్చారో ఒక బాబాయి రాస్తూనే ఉంటాడు. అది రేపు వాళ్ళింట్లో పెళ్ళికి మనం ఎంత తిరిగి చదివించాలో తెలియడానికి. మగవాళ్ళ మధ్య లెక్క అది. రాత రానివాళ్ళం కాదు, లెక్క తెలియనివాళ్ళం కాదు. అమ్మాయి కోసం రాయాలని మనకి తోచలేదంతే. గిన్నెల మీద కొట్టించే పేర్లయినా చూడండి. చీటీ కట్టి, పొదుపు చేసి గిన్నె కొన్నది తల్లో, అత్తో. కొట్టించేది మాత్రం ఇంటి పేరుతో సహా మొగుడి పేరు. స్టీలు గ్లాసు మీద అక్క పేరు కొట్టించిన ఆ చెల్లెలికి ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో గానీ, మన సంఘాలన్నిటికన్నా ముందుంది ఆమె.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అడిగి పుచ్చుకున్నది కట్నం. దాన్ని 'కానుక' అని జాబితాలో రాసినంత మాత్రాన కానుక అయిపోదు, అది నేరమే. ఇష్టంతో ఇచ్చినవీ, ఆనవాయితీగా ఇచ్చినవీ, తాహతుకి మించనివీ మాత్రమే కానుకలు. "కట్నం ఇచ్చామని చెప్తే మేమూ జైలుకెళ్తామేమో" అని తల్లిదండ్రులు భయపడతారు. బాధితులు చెప్పిన మాటని పట్టుకుని వాళ్ళమీదే కేసు పెట్టకూడదని అదే చట్టంలో 7వ సెక్షన్‌లో ఉంది. పుచ్చుకున్న కట్నం కూడా మూడు నెలల్లోగా ఆ అమ్మాయికి అప్పగించాలని 6వ సెక్షన్‌లో ఉంది. ఇలా అప్పగించిన ఇల్లు నేనింకా చూడలేదు.

ఇక పసుపు కుంకుమ. ఈ మాట వినగానే ఇప్పుడు చాలామందికి 2019 ఎన్నికల ముందు డ్వాక్రా మహిళలకి మూడు విడతల్లో వచ్చిన పదివేలు గుర్తొస్తాయి. ప్రభుత్వం ప్రజల సొమ్ముని ప్రజలకి ఇస్తూ దానికి అన్న పెట్టే పసుపు కుంకుమ అని పేరు పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఏ పార్టీ పెట్టినా అంతే. కానుక అంటే దండం పెట్టి పుచ్చుకోవాలి, హక్కయితే లెక్క అడగొచ్చు. అసలు పసుపు కుంకుమ అంటే ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఇచ్చే భూమి. అరెకరమో, పది సెంట్లో, మన ఉద్దానంలో అయితే నాలుగు కొబ్బరిచెట్లో.

ఒకామెకి తండ్రి పెళ్ళిలో అందరి ముందూ "ఆ గట్టు మీది పది చెట్లూ నీవే" అన్నాడు. పదిహేనేళ్ళు ఆమె వాటి కాయలు తీసుకుంది. పండక్కి వెళ్ళినప్పుడల్లా ఆ చెట్ల కింద కూర్చునేదట. తిత్లీకి పది చెట్లలో ఎనిమిది పడిపోయాయి. చెట్టుకింత అని పరిహారం వచ్చింది. ఎవరి పేరున వచ్చింది? కాగితాల్లో ఎవరి పేరుంటే వాళ్ళకి, అంటే తమ్ముడికి. తమ్ముడు దుర్మార్గుడేం కాదు. అతనికీ తోట పోయింది, అప్పులున్నాయి. "అక్కకి కాయలిచ్చాం గానీ భూమి ఇచ్చామా" అన్నాడు. అతన్ని తిట్టి లాభం లేదు. భూమి, ఇల్లు లాంటి స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఇచ్చేవారి సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెప్పేది అది. కత్తిపీట చేతికిస్తే చాలు, అది మనదవుతుంది. పొలం నోటిమాటతో మనది కాదు. పందిట్లో వందమంది విన్నా కాదు. పెళ్ళి ఖర్చులో పదో వంతు పెడితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. బాజాల వాళ్ళకి డబ్బులుంటాయి, దీనికి ఉండవు.

పెళ్ళిలో అంత పెట్టాం కదా, ఇంక తండ్రి ఆస్తిలో వాటా ఎందుకని అడుగుతారు. ఈ రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చారు, అప్పటికి పెళ్ళికాని వాళ్ళకి. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సారె పెట్టినందువల్ల వాటా పోదు. మందస కొండల మీది సవర అక్కలకి ఈ వారసత్వ చట్టం వర్తించదు. వాళ్ళ సంగతి వేరే కూర్చుని మాట్లాడుకోవాలి, ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పేస్తే అన్యాయం అవుతుంది.

నువ్వలరేవు పేరు ఎవరో ఎత్తారు ఇందాక. ఆ మత్స్యకార గ్రామంలో రెండు మూడేళ్ళకోసారి ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఒకేసారి చేస్తారు, సంబంధాలూ ఊళ్ళోనే. పెళ్ళికూతురు కూడా పెళ్ళికొడుక్కి తాళి కడుతుంది. పేపర్లవాళ్ళు వింతగా రాస్తారు గానీ, పిల్ల పుట్టిల్లు నాలుగిళ్ళ అవతలే ఉంటే ఆమె సామాన్లు ఎక్కడికి పోతాయి, ఎవరు మాయం చెయ్యగలరు అని నేను ఆలోచిస్తాను. అందరికీ అది కుదరదనుకోండి.

కానుక పేరు మీద జరిగే ఇంకో మోసం చెప్పి ముగిస్తాను. దసరాకి చీర. కొన్ని జీడిపప్పు బట్టీల్లో ఆడవాళ్ళకి పండక్కి ఒక చీరా, మిఠాయి పొట్లం ఇస్తారు. ఒక యజమాని దగ్గర మన సంఘం వాళ్ళు బోనస్ గురించి అడిగితే "చీరలు పెట్టాం కదమ్మా" అన్నాడు. చీర పుచ్చుకున్నవాళ్ళే మనమీద కోప్పడ్డారు, ఆయన మంచాయన, ఎందుకు అడిగారని. చవక చీరే, కానీ వాళ్ళకి అది ఇష్టం. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. ఏడాదికోసారి ఎవరో తమని తలుచుకుని ఇచ్చారన్న సంతోషం అది. అయితే 1965 బోనస్ చట్టం ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం ఇవ్వమంది. ఆ చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసింది, కనీస శాతం మారలేదు. ఇరవైమంది, ఆపైన పనిచేసే చోట అడగొచ్చు. చీర చీరే, బోనస్ బోనసే. మనవాళ్ళతో కూర్చుని ఏడాది కూలి మీద 8.33 శాతం ఎంతవుతుందో లెక్కకట్టి, దాంతో ఎన్ని చీరలొస్తాయో రాసి చూపించాం. ఆ తర్వాత కోపం తగ్గింది. బోనస్ ఇంకా రాలేదు.

మనం ఇచ్చే కానుకల్లో కూడా తప్పులున్నాయి. తిత్లీ తర్వాత పట్నాల నుంచి లారీల మీద పాతచీరలు వచ్చిపడ్డాయి. చిరిగినవి, మనం ఇల్లు తుడుచుకోమని పనిమనిషికి కూడా ఇవ్వనివి. అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆడక నీళ్ళు లేవు, ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లు. మేము ఒక ఊళ్ళో ముందు ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఏం కావాలని అడిగాం. టార్చిలైటు అన్నారు. చీకట్లో బయటికి వెళ్ళాలంటే పడిన చెట్ల మధ్య పాముల భయం, మగవాళ్ళ భయం. మూత ఉన్న బకెట్టు అన్నారు. బయటున్నపుడు వాడుకోడానికి మెత్తటి పాతబట్ట, దాన్ని ఆరేసుకోడానికి చాటుగా కట్టే తాడు అన్నారు. ఆ మాట మాతో వచ్చిన మగ కార్యకర్తలకి తోచలేదు, నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. బియ్యం బస్తాల కన్నా తక్కువ డబ్బుతో అవి కొన్నాం. ఐదేళ్ళ తర్వాత ఆ ఊరు వెళ్తే ఒకామె ఆ బకెట్టు చూపించింది, మూత పోయింది గానీ బకెట్టు ఉంది.

అందుకే రెండేళ్ళ నుంచి మా సంఘం వాళ్ళం పెళ్ళిళ్ళకి గిన్నెలు చదివించడం మానేశాం. ఒక పొడుగు నోటు పుస్తకం, ఒక పెన్ను ఇస్తున్నాం. మొదటి పేజీల్లో గళ్ళు మేమే గీసి ఇస్తాం: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వరస. చివర్లో ఇద్దరి సంతకాలకి చోటు. బంగారం బిల్లు అంటించడానికి ఒక పేజీ వదిలాం. రెండు కాపీలు రాసి, ఒకటి పుట్టింట్లో ఉంచమంటున్నాం. కొందరు పెళ్ళికొడుకుల తల్లిదండ్రులు మొహం మాడ్చుకున్నారు, పెళ్ళిలో విడాకుల మాటేమిటన్నారు. ఒక చోట పుస్తకం తిరిగి ఇచ్చేశారు. పెళ్ళికూతుళ్ళు మాత్రం చాలామంది దాచుకున్నారు, గళ్ళు నింపినవాళ్ళు సగం మంది కూడా లేరు. ఒక ఊళ్ళో పెళ్ళికొడుకు తల్లే పెళ్ళయిన వారానికి మా దగ్గరికి వచ్చింది. తనకీ ఒక పుస్తకం కావాలంది. పెళ్ళయి ముప్పయ్యేళ్ళయింది కదమ్మా, ఇప్పుడేం రాస్తావు అంటే, "పోనవి రాసుకుంతాను, ఎవుడు అట్టుకెల్లిపోనాడో" అంది. ఇచ్చాం.

ఆ పుస్తకాలు ఇవాళ ఒక యాభై తెచ్చాను. గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఈ నెలా వచ్చే నెలా పెళ్ళిళ్ళున్న ఇళ్ళవాళ్ళు ముందు తీసుకోండి. బంగారం కొన్నప్పుడు బిల్లు మీద అమ్మాయి పేరు రాయించండి, తండ్రి పేరు కాదు. గిన్నెల మీదా అంతే. రాయడం రాకపోతే మా వాళ్ళు శనివారం సాయంత్రం కాశీబుగ్గలో కూర్చుంటారు, వచ్చి రాయించుకోండి.